తివాచీ కింది మచ్చ

ఇన్వర్‌డో రేవు,
12 సెప్టెంబరు 1960

తమ్ముడు ఆడమ్‌కు,

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడగను. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో లినోలియం పరుస్తూ నేలల మీద పాకినవాడివి, ఎలా ఉంటాయో తెలుసు. నా మోకాళ్ళూ అంతే. నేను పాకింది నా ఒక్క ఇంటి నేల మీదే, అదొక్కటే తేడా.

విషయానికి వస్తాను. ఏప్రిల్‌లో నువ్వు ముందు గదికి లినోలియం వేసి వెళ్ళావు కదా, లేత నీలం, పావురం మెడ రంగు. "ఇంత లేత రంగు వద్దక్కా, ముదురు గోధుమ తీసుకో" అని నువ్వు అన్నావు, నేను వినలేదు. చుట్ట విప్పి రెండు వారాలు ఊరికే పడుకోబెట్టి, అది సాగాల్సినంత సాగాక గాని నువ్వు దాని మీద కత్తి పెట్టలేదు. ఆ రెండు వారాలూ నేను నా ఇంట్లోనే దొంగలా గోడవార నడిచాను. అంత శ్రద్ధగా వేసిన నేల అది.

ఇరవయ్యో తారీకున చర్చి మహిళా సంఘానికి మా ఇంట్లో టీ. అందుకని మొన్న శుక్రవారం తివాచీ ఎత్తి దులుపుదామన్నాను. పాతగుడ్డ పీలికలతో నేను చేసిన తివాచీయే, ఏప్రిల్ నుంచి గది మధ్యలో ఉంది. ఒక కొస నేను, ఒక కొస మైసీ పట్టుకుని లేపాం. కింద చూద్దును గదా, గది నడిమధ్యన ఇంత మేర మచ్చ! పాచిపంటి రంగు. చుట్టూ నేల మాత్రం పావురం మెడలాగే ఉంది.

మైసీ ఫెర్నీ అంటే శుక్రవారం శుక్రవారం వచ్చి నేల తుడిచే పిల్ల. పిల్ల అంటున్నాను గాని ఇద్దరు ఆడపిల్లల తల్లి. మొగుడు పడవలో కాలు విరగ్గొట్టుకుని ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. ఆమె నాలుగిళ్ళ నేలలు తుడిచి ఆ ముగ్గురినీ సాకుతోంది. మంచి మనిషే. వెనక గుమ్మంలో బూట్లు విప్పి మేజోళ్ళతో లోపలికి వస్తుంది. తడి ఆరేదాకా నేను పాత పేపర్లు పరుస్తాను చూడు, వాటి అంచు దాటి ఒక్క అడుగు వెయ్యదు.

"సోడా గాని వేశావా?" అన్నాను.

"లేదమ్మగారూ. గోరువెచ్చటి నీళ్ళూ ఇంత సబ్బూ. మీ తమ్ముడుగారు చెప్పినట్టే."

కాని అదే పొద్దున ఆమె పాస్టరుగారింట్లో రాతిమెట్లు బట్టలసోడాతో రుద్ది వచ్చింది. బకెట్టు అదే మరి.

ఇంకోటి కూడా ఉంది. ఇక్కడి బడిలో ఈ వేసవిలో నడవాలన్నిటికీ లినోలియం వేశారు. చూసుకోవడానికి నెల జీతం మీద ఒక మనిషిని పెట్టుకుంటారట. మైసీ అడిగింది. ఆమె చెయ్యి ఎలాంటిదో చెప్పమని పెద్ద పంతులుగారు నన్నే అడిగారు. నెలాఖరులోపు చెప్పాలి. ఆ ఉద్యోగం వస్తే ఆమె నాలుగిళ్ళు తిరగక్కర్లేదు. నేనేమని చెప్పను? ఆ మచ్చ ఏమిటో నువ్వు చెప్పు, దాన్నిబట్టి నేను చెప్తాను.

నీ అక్క
ఎఫీ

కర్కాడీ,
15 సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం నాకు బౌల్స్ బంతులాట మైదానంలో అందింది. ఎండ కాసిన పూట నేను ఇంట్లో దొరకనని పోస్టు మనిషికి తెలుసు. ఈ ఏడాది ఎండ కాసింది ఆరు పూటలు. ఆరు పూటలూ నేను ఇక్కడే ఉన్నాను. మా బల్ల మీద నలుగురం ముసలాళ్ళం కూచుంటాం, నలుగురమూ లినోలియం మనుషులమే. ఈ ఊళ్ళో ఇంకెవరుంటారు? గాలి ఎటు వీచినా లినోలియం కార్ఖానాల అవిసె నూనె వాసనే. రైల్లో గుడ్డివాడు కూడా స్టేషను పేరు అడగక్కర్లేదు. మా వాళ్ళకి నీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను. పాచిపంటి రంగు దగ్గర బాగా నవ్వారు.

సోడా అక్కా. నూటికి నూరుపాళ్ళూ సోడా. వచ్చి చూడనక్కర్లేదు. లినోలియం అంటే ఏమిటి? అవిసె నూనెలో కార్కు పొడి కలిపి గోనెపట్టా మీద ఒత్తిన అట్టు. సోడా తగిలిందంటే ఆ నూనెను తినేస్తుంది.

ముప్ఫై ఒకటిలో ఒక బ్యాంకు మేనేజరు భార్యకి గులాబీల లినోలియం వేశాను. చెయ్యి చాపితే కోసుకోవచ్చనిపించే గులాబీలు. ఏడాది తిరక్కుండా కబురొచ్చింది. పోయి చూస్తే నేలంతా బోసి! ఆవిడ రోజూ పొద్దున్నే సోడాతో రుద్దిస్తోంది. "మీ పువ్వులు వాడిపోయాయి మిస్టర్ లమ్స్‌డెన్" అంది నిష్ఠూరంగా. "నీళ్ళు ఎక్కువయ్యాయమ్మా" అన్నాను. ఈ కథ ఇరవయ్యోసారి చెప్పినా మా బల్ల నవ్వుతుంది.

కనక నీ మైసీ అబద్ధం ఆడుతోంది, లేదా బకెట్టు కడుక్కోవడం తెలియని మనిషి. రెంటిలో ఏదైనా బడికి పనికిరాదు. ఒక బకెట్టుతో నడవాలన్నీ తగలేస్తుంది. పంతులుగారితో చెప్పు, నలభై ఏళ్ళ పనివాడు ఆడమ్ లమ్స్‌డెన్ అన్నాడని చెప్పు. పేరుతో సహా చెప్పు.

ముదురు గోధుమ తీసుకోమన్నాను. ఇంకేం అనను.

ఆడమ్

ఇన్వర్‌డో రేవు,
22 సెప్టెంబరు

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే చేశాను.

శుక్రవారం మైసీ రాగానే నీ ఉత్తరం చదివి వినిపించాను. గులాబీల కథ వదిలేశాను, నవ్వే సమయం కాదు. అంతా విని బకెట్టు కింద పెట్టి, చేతులు ఏప్రానుకు తుడుచుకుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ ఏదో అంది. రాయాల్సినంత మాట కాదు.

పంతులుగారికి నీ పేరు చెప్పాను. "లమ్స్‌డెన్ అన్నాడా! అయితే ఇంక మాట లేదు" అన్నారు. ఉద్యోగం కొండ మీది కుటుంబంలో ఒకావిడకి ఇచ్చారు. టీ నాడు అందరూ మచ్చ చూస్తామంటే చూపించాను. పాస్టరుగారి భార్య ఆ రాత్రి నిద్రపోలేదట, మెట్లు ఏమైపోయాయోనని. ఆవిడా మైసీని మానిపించింది. ఇంకో ఇంటివాళ్ళూ మానిపించారు. నేను మానిపించమని చెప్పలేదు. చూపించానంతే.

అందరూ నీ ఆరోగ్యం అడిగారు.

తివాచీ పెరటి గోడ మీద ఆరుతోంది. ఈ మచ్చ పోయే దారి ఏదైనా ఉంటే చెప్పు. మీగడ తీసిన పాలతో తుడిస్తే పోతుందని ఒకావిడ అంది.

ఎఫీ

కర్కాడీ,
5 అక్టోబరు

అక్కా,

పాలు మెరుపుకి మంచివే. మచ్చకి కాదు. పిల్లి మాత్రం సంతోషిస్తుంది.

జవాబు ఆలస్యమైంది. చలి ముదిరింది, బౌల్స్ ఆట కట్టేశారు, మేం బల్ల మీద ఊరికే కూచుంటున్నాం. నలుగురం కాదు, ముగ్గురం. గౌర్లే రావడం లేదు. విల్ గౌర్లే నీకు తెలియదేమో, కార్ఖానాలో సరుకు ఆరేసే ఆరుడు షెడ్డు మనిషి. ముప్ఫై ఏళ్ళు అక్కడే పని. అతనికి నత్తి, అందుకని ఎక్కువ మాట్లాడడు. ఇప్పుడు అవతల చెరువు గట్టున వేరే బల్ల మీద కూచుని బాతులకి రొట్టె వేస్తున్నాడు. బాతులంటే ఇష్టం కాబోలు.

నీ పెళ్ళి నాడు మేనత్త టోపీ మీద కూచున్నది నేనా, బావా అని మొన్న మావాళ్ళతో వాదన వచ్చింది. నేనే అనుకుంటా. ఇన్నేళ్ళూ బావ మీద పెట్టాను, పాపం.

ఊరికే అడుగుతున్నాను గాని, ఆ మచ్చ ఏ ఆకారంలో ఉంది? అంచులు చెదిరినట్టున్నాయా, గీత గీసినట్టున్నాయా? సోడా నీళ్ళ మచ్చ అయితే పారినట్టుండాలి. కావాలంటే ఒక రోజు బస్సెక్కి వచ్చి చూస్తాను.

ఆ మైసీ గుమ్మం దగ్గర ఏమంది?

ఆడమ్

ఇన్వర్‌డో రేవు,
14 అక్టోబరు

తమ్ముడూ,

మచ్చ తివాచీ ఆకారంలో ఉంది. ఇంకే ఆకారంలో ఉంటుంది, తివాచీ కిందిదేగా. ఇప్పుడా మచ్చ నన్ను బాధ పెట్టడం లేదు. తివాచీ మళ్ళీ వేసేశాను. నువ్వేం రానక్కర్లేదు. బస్సులో ఈ చలికి నీ ఛాతీ పట్టేస్తుంది.

చేపలు బాగానే పడుతున్నాయి. ఉప్పుచేప నాలుగు కట్టి పంపుతున్నాను. ఓట్స్ పిండి అద్ది వేయించుకో, వెన్న తక్కువ వెయ్యి.

మైసీ చేపల షెడ్డులో కడిగే పనికి కుదిరిందట. దూరం నుంచి చూశాను. ఆమె నన్ను చూసిందో లేదో తెలియదు.

ఆ మాట ఇంక వదిలేద్దాం.

ఎఫీ

కర్కాడీ,
24 అక్టోబరు

అక్కా,

ఉప్పుచేపలు అందాయి. ఒకటి తిన్నాను, మిగతావి అలాగే ఉన్నాయి. చేప తప్పు కాదు.

నీకో సంగతి చెప్పాలి. మూడు కాగితాలు చింపేసి నాలుగోది రాస్తున్నాను. మొదటిదాంట్లో వాతావరణం, రెండోదాంట్లో మేనత్త టోపీ రాశాను. మూడోదాంట్లో తప్పంతా ముసలితనం మీద తోశాను. ఇది నాలుగోది.

ఆ మచ్చ సోడా మచ్చ కాదు.

లినోలియం తయారయ్యాక ఆరుడు షెడ్డులో వేలాడదీస్తారు. నాలుగంతస్తుల ఎత్తు ఉంటుంది. లోపల చీకటీ వేడీ. వారాల తరబడి అలా వేలాడితే గాని నూనె గట్టిపడదు. అలా చీకట్లో ఉన్న సరుకు బయటికి వచ్చేటప్పుడు పచ్చబారి వస్తుంది. అవిసె నూనె గుణం అది. కిటికీ దగ్గర పది రోజులు పెడితే పచ్చదనం దానంతటది పోయి అసలు రంగు బయటపడుతుంది. మళ్ళీ చీకట్లో పెడితే మళ్ళీ పచ్చబడుతుంది. కార్ఖానాలో ఊడ్చేవాళ్ళకి కూడా తెలిసిన సంగతి. నువ్వు ఏప్రిల్‌లో వేసిన తివాచీ సెప్టెంబరుదాకా ఎత్తలేదు. ఆ తివాచీయే నీ నేలకి ఆరుడు షెడ్డు.

నా కాలంలో జనం ముదురు రంగులే కొనేవాళ్ళు, వాటి మీద ఈ పచ్చదనం కనపడదు, అందుకే నాకు తట్టలేదు అని మూడో కాగితంలో రాశాను. అది నిజమే. కాని సాకు కూడా.

ఎందుకంటే ఆ రోజు బల్ల మీద ఒకడికి తట్టింది. నీ ఉత్తరం చదవడం అయిందో లేదో గౌర్లే నా మోచెయ్యి పట్టుకున్నాడు. "తి... తి... తివాచీ..." అన్నాడు. నేను అప్పటికే 'సోడా' అనేశాను. అందరూ నా వైపే చూస్తున్నారు, గులాబీల కథ నా నాలుక చివర ఉంది. "ఒరేయ్ గౌర్లే, నీ మాట పూర్తయ్యేలోపు మా అక్క ఇంటి నేల పాతబడి మార్చాల్సొస్తుంది, కూచో" అన్నాను. నవ్వారు. బాగా నవ్వారు. గౌర్లే కూడా నవ్వాడు, నత్తివాళ్ళు అలాంటప్పుడు నవ్వుతారు. కాసేపుండి లేచి వెళ్ళిపోయాడు. అక్కడే, అదే బల్ల మీద, ఒళ్ళో కాగితం పెట్టుకుని నీకు జవాబు రాశాను. పది నిమిషాలు పట్టలేదు. పేరుతో సహా చెప్పమన్నాను.

ఆ మాట 'తివాచీ'. ఒక్క మాట. అది వినే ఓపిక నాకు లేక, ఇద్దరు పిల్లల తల్లి ఇప్పుడు ఉప్పునీళ్ళలో చేపలు కడుగుతోంది. నాకు నీ రెండో ఉత్తరం చదివినప్పుడే, ఆ గోడ మీద ఆరుతున్న తివాచీ మాట చదివినప్పుడే తెలిసింది. అప్పుడు చెప్పకుండా మచ్చ ఆకారం అడిగాను, తెలియనట్టు. గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు నిలబడాలంటే సిగ్గేస్తోందక్కా. గడ్డం పెరిగింది.

తివాచీ తియ్యి. కర్టెన్లు పక్కకి లాగు. పది రోజులు చూడు, ఈ ఎండకి ఇరవై పట్టినా చూడు. అది తేలాక అందరికీ నేనే చెప్తాను.

ఆడమ్

ఇన్వర్‌డో రేవు,
1 నవంబరు

ఆడమ్,

తివాచీ తియ్యనక్కర్లేదు. అది పోతుందని నాకు తెలుసు.

నువ్వు రాసింది చదివాక నేను దాచడం బాగుండదు. ఒక తల్లి కడుపున పుట్టాం, సిగ్గు కూడా పంచుకుందాం.

గుమ్మం దగ్గర మైసీ అన్న మాట ఇది: "అమ్మగారూ, తివాచీ వెయ్యకుండా కొన్నాళ్ళు వెలుతురు తగలనివ్వండి. రంగు దానంతటదే వస్తుంది. మా నాన్న కర్కాడీలో ఆరుడు షెడ్డులో చేసేవాడు." నేనేమన్నానో తెలుసా? "నలభై ఏళ్ళ పనివాడి కంటే నీకెక్కువ తెలుసా?" అన్నాను. ఆమె బూటు తాడు ముడి పడలేదు, అలాగే ఈడ్చుకుంటూ వెళ్ళింది.

రాయాల్సినంత మాట కాదని నీకు రాశాను.

సెప్టెంబరు నెలాఖరుకి, తివాచీ ఇంకా పెరటి గోడ మీదే ఉండగా, ఒక పొద్దున టీ కప్పుతో ముందు గదిలోకి వచ్చాను. ఎండ పడింది. మచ్చ సగం లేదు. అంచులెక్కడో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆమె చెప్పినట్టే! అక్కడే నిలబడ్డాను, టీ చల్లారిపోయింది. అప్పుడు మనిషనేది ఏం చెయ్యాలి? శాలువా కప్పుకుని మైసీ ఇంటికి పరిగెత్తాలి. నేను పెరట్లోకి వెళ్ళి, తివాచీ ఒక్కదాన్నే ఈడ్చుకొచ్చి, మళ్ళీ అక్కడే వేశాను. అంచుకి అంచు సరిచూసి మరీ వేశాను. మచ్చ పోకుండా.

నా నేల మీద మచ్చ ఉండాలి గనక. అక్కడ లేకపోతే అది నా మీద ఉన్నట్టు గనక.

ఆ రోజు నుంచి దాని మీద అడుగు పెట్టలేదు. గదిలో చుట్టూ నడుస్తున్నాను, నువ్వు లినోలియం పడుకోబెట్టిన రెండు వారాల్లో నడిచినట్టు.

ఇప్పుడు నా మాట విను. ఎవరికీ రాయకు. మనకి ఈ వయసులో ఊళ్ళో పేరు తప్ప ఏముంది? నేను మైసీని మళ్ళీ పనికి పిలుస్తాను. ఒక పళ్ళ కేకు చేసి పంపుతాను. పాస్టరుగారి భార్యతో నేనే మెల్లిగా నచ్చజెప్తాను. అంతా నెమ్మదిగా సర్దుకుంటుంది, ఎవరికీ తెలియక్కర్లేదు.

ఎఫీ

కర్కాడీ,
9 నవంబరు

అక్కా,

కేకు వద్దు. లోకంలో చాలా తప్పుల మీద కేకు పెట్టి మూతేశారు, ఈ ఒక్కదాన్నీ వదిలేద్దాం.

నీ ఉత్తరం చదివి కోపం రాలేదు. ఊరట కలిగింది, అందుకు ఇంకొంచెం సిగ్గేసింది. తివాచీ అంచుకి అంచు సరిచూసి వెయ్యడం మాత్రం మన ఇంటి పద్ధతే. అమ్మ చూసి ఉంటే పని మెచ్చుకుని, తర్వాత చెంప పగలగొట్టేది.

నేనేం చేశానో చెప్తాను. నిన్న చెరువు గట్టుకి వెళ్ళి గౌర్లే చెయ్యి పట్టుకుని మా బల్ల దగ్గరికి తీసుకొచ్చాను. రానన్నాడు, లాక్కొచ్చాను. మిగతా ఇద్దరి ఎదుటా నిలబడి, "ఆ రోజు ఇతను ఒక మాట అనబోయాడు, నేను అననివ్వలేదు, నాదే తప్పు, ఇతనిదే ఒప్పు" అన్నాను. అంత పొట్టి ప్రసంగం నా జన్మలో చెయ్యలేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వు కోసం బతికిన మనిషికి ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో నీకు చెప్పలేను.

అప్పుడు గౌర్లే మాట్లాడాడు. చాలాసేపు పట్టింది. నేను నిలబడే ఉన్నాను, మధ్యలో మాట అందించలేదు. "ఆడమ్, నాకు నీ మీద కో... కోపం తగ్గింది ఎప్పుడో. ఆ అమ్మాయి సంగతి చూడు" అన్నాడు. ఆ అమ్మాయి పేరు ఫెర్నీ అనగానే కళ్ళు పెద్దవి చేశాడు. "పెళ్ళికి ముందు ఇంటిపేరు?" అన్నాడు. నాకు తెలియదన్నాను. మైసీ నాన్న ఇతని పక్కనే పని చేసి ఉంటాడట, ఇన్వర్‌డోకి పిల్లనిచ్చిన వాడొకడు ఉండేవాడట. వాడు గాని బతికుంటే నా మెడ వంచి ఆరుడు షెడ్డులో వేలాడదీసేవాడు. ఆరు వారాలు.

ఈ కవరులో ఇంకో కాగితం ఉంది చూడు. బడి పెద్ద పంతులుగారికి. నేను చూడకుండా తీర్పు చెప్పానని, మచ్చ వెలుతురు లేక వచ్చిందని, మైసీ ఫెర్నీ అన్న మాట అక్షరాలా నిజమని, ఈ విషయంలో ఆమె నా కంటే ఎక్కువ తెలిసిన మనిషని రాశాను. పేరుతో సహా. మడిచానంతే, అంటించలేదు. పోస్టులో నేరుగా ఆయనకే పంపడం తేలిక, అందుకే పంపలేదు. నువ్వు చేత్తో పట్టుకెళ్ళి, ఆయన చదివేదాకా ఎదురుగా నిలబడు. దారిలో పాస్టరుగారి ఇల్లు ఉంది, అక్కడా ఆగు.

మైసీని పిలవకు. నువ్వే వెళ్ళు.

నిన్ను ఒక్కదాన్నే పంపుతున్నానని కాదు. ఛాతీ కుదుటపడగానే వస్తాను, ఆమె గుమ్మంలో నిలబడతాను. నువ్వు ముందు వెళ్ళాలి. నా వేలు నలభై మైళ్ళ అవతల నుంచి చూపించింది, నీది ఎదురుగా నిలబడి చూపించింది.

తివాచీ చుట్టి అటక మీద పడెయ్యి.

ఆడమ్

ఇన్వర్‌డో రేవు,
30 నవంబరు

తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగు రోజులు గడియారం వెనక పెట్టుకున్నాను. ఆ గడియారం అంత గట్టిగా కొట్టుకోవడం నేను ఎన్నడూ వినలేదు. అయిదో రోజు టోపీ పెట్టుకుని బయల్దేరాను.

పంతులుగారు చదివారు, కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకుని చదివారు. ఉద్యోగం ఇచ్చేశాం కదా, ఉన్న మనిషిని తియ్యలేం అన్నారు. నిజమే, ఆ కొండ మీదావిడేం పాపం చేసింది? ఈస్టరుకి చిన్నపిల్లల తరగతులకు కొత్త గదులు వస్తాయట, అప్పుడు రెండో మనిషి కావాలట, మైసీకి కబురు పెడతానన్నారు. పెడతారనే అనుకుంటున్నాను. నువ్వొచ్చినప్పుడు ఇంకోసారి అడుగు. నేనూ అడుగుతాను.

పాస్టరుగారి భార్య "అయ్యో, మేం ఏం చేశాం!" అంది. "మీరేం చెయ్యలేదమ్మా, నేను చేశాను" అన్నాను. ఆ తర్వాత మళ్ళీ మా ఇంట్లోనే జరిగిన మహిళా సంఘం టీలో చెప్పాల్సి వచ్చింది. నేను చెప్పాలనుకోలేదు గాని, ఒకావిడ "ఎఫీ, మీ తివాచీ ఏది?" అని అడిగింది. చెప్పాను. ఇంకొకావిడ ఆలస్యంగా వచ్చి అదే అడిగింది. మళ్ళీ చెప్పాను. ఆ తివాచీని అటకెక్కించమని ఎందుకన్నావో అప్పుడు అర్థమైంది. ఎవరొచ్చినా అదే అడుగుతున్నారు. బొగ్గుల మనిషి కూడా.

మైసీ ఇంటికి వెళ్ళింది మాత్రం అన్నిటికన్నా ఆఖర్న. చేతులు చూశాను, ఉప్పుకి పగిలిపోయాయి. లోపలికి రమ్మనలేదు, గుమ్మంలోనే చెప్పాను. తివాచీ మళ్ళీ వేసిన సంగతి కూడా చెప్పాను, నువ్వు దాన్ని ఎవరికీ చెప్పమనలేదు గాని. అంతా విని, "మీకు సెప్టెంబరులోనే తెలుసా?" అంది. "తెలుసు" అన్నాను. తలుపు వేసేసింది. గట్టిగా కాదు. మామూలుగా.

ఆదివారం టీకి రమ్మని తలుపుకే చెప్పి వచ్చాను.

వస్తుందనుకోలేదు. ఆదివారం వాన. ముందు గుమ్మం తట్టిన చప్పుడైతే వెళ్ళి తీశాను. మైసీ. రేవు వీధి బురదంతా బూట్లకే ఉంది. నా చెయ్యి అలవాటుగా పాత పేపర్ల కోసం వెళ్ళింది. అవి ఆ మూల బుట్టలోనే ఉన్నాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె నన్ను చూసింది, నేలను చూసింది, బూట్లతోనే నడిచి వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూచుంది. అది మీ బావ కుర్చీ.

మంచి కప్పులే తీశాను. రెండు కప్పులు తాగింది, స్కోను రొట్టె తినలేదు. నేల వంక అంత సేపూ చూస్తూనే ఉంది. ఇప్పుడెక్కడా మచ్చ లేదు ఆడమ్, ఆ మూల నుంచి ఈ మూలకి ఒకటే నీలం.

"రంగు బాగానే వచ్చింది" అంది.

"నువ్వు చెప్పినట్టే వచ్చింది" అన్నాను.

"మా నాన్నుంటే సంతోషించేవాడు. కర్కాడీలో గౌర్లే అని ఒకాయన ఉండాలి, మా నాన్న స్నేహితుడు. ఉన్నాడో లేడో."

ఉన్నాడన్నాను. ఆ సంగతి అతనికి చెప్పు.

లేచేటప్పుడు అంది: "మీ నేల తుడవడానికి నేనిక రాను ఎఫీగారూ. టీకి పిలిచారు గనక వచ్చాను." ఎప్పుడూ అమ్మగారూ అనే మనిషి. తలుపు దగ్గర ఆగి, "సోడా మాత్రం వెయ్యకండి" అంది. నవ్విందో లేదో తెలియదు, వానలో టోపీ లాక్కుని దిగి వెళ్ళిపోయింది.

ఈ రోజు బుధవారం. ఆమె బూటు గుర్తులు తలుపు నుంచి కుర్చీదాకా పదకొండు, తిరిగి వెళ్ళినవి తొమ్మిది. వెళ్ళేటప్పుడు పెద్ద అంగలు వేసింది. బురద ఎండి గట్టిపడింది. ఇవి వెలుతురుకి పోయేవి కావు. గోరువెచ్చటి నీళ్ళూ ఇంత సబ్బూ పెట్టుకుని నేనే మోకాళ్ళ మీద కూచోవాలి. కూచుంటాను.

పొద్దున మూడుసార్లు బకెట్టు దాకా వెళ్ళాను. ఇంకా తుడవలేదు.

నీ అక్క
ఎఫీ